రోహిణి కార్తె దాటే మొక్కలు, పండగకు పూచే మొక్కలు: ఇంటి పూలతోటకు ఎంపిక ఎలా?

డిసెంబరులో నర్సరీకి వెళ్తే కళ్ళు చెదిరిపోతాయి. పెటూనియాలు, డయాంథస్‌లు, పాన్సీలు, విరగబూసిన చామంతులు వరసగా పేర్చి ఉంటాయి. ఆగలేక ఆటో నిండా వేసుకొచ్చేస్తాం. మార్చి వచ్చేసరికి సగం కుండీలు ఎండిపోతాయి. "నా చేతిలో మొక్క బతకదు" అని దిగులు మొదలవుతుంది. నిజానికి చేతిలో లోపం ఏమీ లేదు. ఆ తెచ్చినవాటిలో చాలా మొక్కలు మార్చికి పోవాల్సినవే. బాధాకరమైన సంగతేమిటంటే, వాటితో పాటు ఇంకా ఏళ్ల తరబడి బతకగల చామంతిని కూడా ఎండిందనుకుని పీకి పారేస్తాం.

ఏది ఎన్నాళ్లుంటుందో కొనకముందే తెలిస్తే ఈ బాధ ఉండదు. ఈ మార్గదర్శి అందుకోసమే. మాది రాజమండ్రి. ఇంటి ముందు 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు ఉన్న నేల ముక్కలో నేను చేసిన పనులే ఇందులో ఎక్కువ. తెలంగాణ, రాయలసీమల్లో ఉన్నవాళ్లు నేల, నీళ్ల విషయంలో కాస్త సర్దుకుంటే చాలు, మిగతాదంతా పనికొస్తుంది.

ముందు రెండు మాటలు

ఏళ్ల తరబడి ఉండి పూసే మొక్కల్ని బహువార్షికాలంటారు. మందారం, మల్లె, నందివర్ధనం, కనకాంబరం ఇలాంటివి. విత్తనం మొలిచి, పూసి, మళ్ళీ విత్తనం కట్టి కొన్ని నెలల్లో జీవితం ముగించుకునేవి ఏకవార్షికాలు. బంతి, జినియా, కాస్మాస్, సీతమ్మజడ ఈ కోవలోవి.

చలిదేశాల వాళ్లు చలికాలాన్ని తట్టుకునేదాన్ని బహువార్షికం అని లెక్కపెడతారు. మనకు ఆ లెక్క పనికిరాదు. మన దగ్గర మొక్కకు పెట్టే అసలు పరీక్ష ఎండ. మే నెలాఖరున మొదలయ్యే రోహిణి కార్తెను మీ ఇంట్లో, మీరు పోయగలిగినన్ని నీళ్లతో దాటిన మొక్కే మీకు బహువార్షికం. పుస్తకంలో బహువార్షికమని రాసి ఉన్నా, మేలో మాడిపోయే మొక్కను ఏకవార్షికంగానే లెక్కేసుకుని కొనండి. అప్పుడు పోయినా టెన్షన్ ఉండదు.

మొదటి మెట్టు: ముగ్గుపిండితో ఎండ లెక్క

మొక్కల జాబితా రాసే ముందు ఒక ఆదివారం ఈ పని చేయండి. ఉదయం 8 గంటలకు నేల మీద నీడ ఎక్కడ ఆగిందో ఆ అంచు వెంట ముగ్గుపిండితో గీత గీయండి. మళ్ళీ 11కి, 2కి, 4కి గీయండి. సాయంత్రానికి నాలుగు గీతలు కనిపిస్తాయి. ఏ జాగాకు ఎన్ని గంటల ఎండ పడుతుందో ఆ గీతలే చెప్తాయి. నేను మొదటిసారి గీసినప్పుడు ఆశ్చర్యపోయాను. రోజంతా ఎండ ఉంటుందనుకున్న మూలకు నిజంగా పడేది మూడు గంటలే.

ఒక్కసారి గీస్తే సరిపోదు. వేసవిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి గీయాలి. మన ప్రాంతంలో మే రెండో వారం నుంచి జులై చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరులో బాగా దక్షిణానికి వాలిపోతాడు. ఇంటికి దక్షిణాన 10 అడుగుల గోడ ఉందనుకోండి, డిసెంబరు మధ్యాహ్నం దాని నీడ ఉత్తరంగా 8 అడుగులకు పైగా పడుతుంది. అంటే జూన్‌లో భగభగలాడే చోటే చలికాలంలో చీకటి మూల అవుతుంది. సంక్రాంతికి బంతి, చామంతి కావాలనుకునేవాళ్లు చూసుకోవలసింది డిసెంబరు గీతనే.

ఆరు గంటలు, అంతకు మించి ఎండ పడే చోటు మల్లె, గులాబీ, కాగితంపూలు, బంతి, జినియాలకు. మూడు నాలుగు గంటలు పడే చోటు కనకాంబరం, నందివర్ధనం, డిసెంబరాలకు చాలు. రెండు గంటల లోపు పడే చోట పూల మొక్క పెట్టకండి. ఆకుల అందం చూసుకునే క్రోటన్లు, మనీప్లాంట్లు అక్కడ హాయిగా ఉంటాయి. మందారం మూడు గంటల ఎండలో బతుకుతుంది గానీ పూలు బాగా తగ్గిపోతాయి.

రాత్రి పూట కూడా ఒకసారి తోటలోకి వెళ్లి చూడండి. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి. ఒక ఏడాది గేటు పక్కన ఎనిమిది చామంతి కుండీలు పెట్టాను. ఆకు నిగనిగలాడింది, మొక్కలు గుబురుగా ఎదిగాయి, డిసెంబరు దాటినా మొగ్గ లేదు. ఎరువు మార్చాను, నీళ్లు తగ్గించాను, ఏం చేసినా లాభం లేకపోయింది. పెరట్లో ఉంచిన రెండు కుండీలు మాత్రం అదే పిలక, అదే మట్టి, నిండా పూశాయి. తేడా ఏమిటంటే గేటు మీద తెల్లవార్లూ వీధి దీపం వెలుగుతుంది. చామంతి పొడవైన చీకటి రాత్రుల్ని చూసి మొగ్గ కడుతుంది. రాత్రంతా వెలుతురు పడితే దానికి చలికాలం వచ్చిందన్న సంగతే తెలియదు. ఆ మరుసటి ఏడాది కుండీలన్నీ పెరట్లోకి మార్చాను, అన్నీ పూశాయి.

రెండో మెట్టు: నేల, నీళ్లు

గుప్పెడు తడిమట్టి తీసుకుని ఉండ చేయండి. గట్టి ఉండ అయ్యి, వేలికి జిగురుగా అంటుకుంటే నల్లరేగడి రకం. వానల్లో నీళ్లు నిలిచి వేర్లు కుళ్లుతాయి కాబట్టి మడిని నేలమట్టం కంటే అర అడుగు ఎత్తులో కట్టుకోండి. ఉండ కట్టకుండా రాలిపోతే ఇసుక నేల, నీళ్లు నిలవవు, మాగిన పశువుల ఎరువు ఎక్కువ కలపాలి. ఎర్రనేల పూల మొక్కలకు బాగానే సరిపోతుంది, కాస్త ఎరువు ఇస్తే చాలు.

నీళ్లు ఎక్కడివో కూడా ఆలోచించండి. ఉప్పు తేలే గట్టి బోరు నీళ్లు వాడే ఇళ్లలో నూరువరహాలు లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. నీటిలోని, నేలలోని క్షారం వల్ల మొక్క ఇనుమును తీసుకోలేకపోతోందని అర్థం. అలాంటి ఇంట్లో నూరువరహాల కోసం తంటాలు పడేకన్నా బిళ్ళగన్నేరు, కాగితంపూలు ఎంచుకోవడం తెలివైన పని.

మూడో మెట్టు: ముందు ఏళ్లుండేవాటిని ఖాయం చేసుకోండి

తోటకు ఇవే ఎముకల గూడు. నా లెక్క ప్రకారం నేలలో మూడింట రెండు వంతులు వీటికి, ఒక వంతు ఏకవార్షికాలకు ఇస్తే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కూడా సంబాళించుకోగలరు. బంతి, జినియాల వేర్లు పైపైనే ఉంటాయి, ఎండాకాలం రోజూ నీళ్లు కావాలి. రెండేళ్లు నిండిన మందారం నాలుగు రోజులు ఊరెళ్లినా ఓర్చుకుంటుంది.

మందారంతో మొదలుపెట్టండి. నాటు ఎర్ర మందారం, రెక్కదైనా ముద్దదైనా, పెద్ద పూల హైబ్రిడ్ల కంటే చాలా గట్టిది. హైబ్రిడ్ రంగులు చూసి మనసు లాగడం సహజమే, కానీ మొదటి మొక్కగా నాటుదే పెట్టండి. పూజకు రోజూ పువ్వు దొరుకుతుంది. దీనికి శత్రువు పిండినల్లి. చిగుళ్ల దగ్గర తెల్లటి దూది లాంటిది కనపడగానే ఆ కొమ్మ చివర తుంచేసి, పైపుతో నీళ్లు గట్టిగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.

మల్లె గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చాలా ఇళ్లలో మల్లెతీగ ఉంటుంది, పూలు మాత్రం ఉండవు. కారణం దాదాపుగా కత్తిరింపే. గుండుమల్లె కొత్త చిగురు మీదే మొగ్గ వేస్తుంది. నవంబరు ఆఖరి వారంలో మొక్కను నేల నుంచి అడుగున్నర ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేయాలి. దానికి కొద్ది రోజుల ముందు నుంచే నీళ్లు తగ్గించండి. మొదటిసారి అలా మోడులా కనిపిస్తే భయం వేస్తుంది, కానీ ఆగండి. కత్తిరించాక పాదు తవ్వి ఎరువు వేసి నీళ్లు పెడితే కొత్త కొమ్మలు దూసుకొస్తాయి, మార్చి నుంచి పూలే పూలు. జాజి వేరు. అది వానాకాలం పూస్తుంది, దాన్ని డిసెంబరు చివర కత్తిరించుకోవాలి. మల్లె, జాజి రెండూ ఉంటే మార్చి నుంచి దసరా దాటేదాకా ఇంట్లో వాసన ఉంటుంది.

కనకాంబరం సగం నీడలో కూడా దాదాపు ఏడాదంతా పూస్తుంది. ఎండిన కాయ మీద నీటి చుక్క పడితే టప్‌మని పేలి గింజలు చిమ్ముతాయి, పిల్లలకు చూపించండి. ముదురు నారింజ రంగు ఢిల్లీ కనకాంబరం గింజ కట్టదు కాబట్టి కొమ్మ గుచ్చి పెంచుకోవాలి. ఈ మొక్కకు ఒక బలహీనత ఉంది. నేలలో ఉండే నులిపురుగులు వేర్లను పట్టి మొక్కను గిడసబార్చేస్తాయి. దీనికి మంచి ఉపాయం బంతి. కనకాంబరం పెట్టబోయే చోట ముందు ఒక కాపు బంతి వేయండి. బంతి వేర్లలోని పదార్థాలు నులిపురుగుల్ని తగ్గిస్తాయి. తరువాత అక్కడే కనకాంబరం నాటండి.

డిసెంబరాలు పేరుకు తగ్గట్టే నవంబరు, డిసెంబరుల్లో పూస్తాయి. ఊదా, తెలుపు, చారల రకాలు దొరుకుతాయి. మిగతా ఏడాదంతా పట్టించుకోకపోయినా ఏమీ అనుకోని మొక్క. నందివర్ధనం, బిళ్ళగన్నేరు కూడా అంతే. నేలసంపెంగ, మార్కెట్లో లిల్లీ పూలని అమ్మేవి, దుంప పెడితే వస్తాయి. ఒకసారి పూసిన దుంప మళ్ళీ పూయదు, దాని పక్కన పుట్టే పిల్లదుంపలు పూస్తాయి, అందుకని గుంపును కదపకుండా రెండు మూడేళ్లు ఉంచండి. కాగితంపూలకు నీళ్లు ఎక్కువైతే ఆకులే వస్తాయి, కొంచెం ఎండబెట్టండి. గులాబీ కొంటే అంటు కట్టిన చోటుకు కింద నుంచి లేచే చిగుళ్లను ఎప్పటికప్పుడు తీసేయాలి, అవి అడవి రకం కొమ్మలు, పై మొక్క బలాన్ని తినేస్తాయి.

పారిజాతం, రాధామనోహరం అందరూ ఇష్టపడేవే, చోటు చూసుకుని పెట్టండి. పారిజాతం రెండు మనుషుల ఎత్తు దాటి చెట్టవుతుంది, ఎండాకాలం ఆకు రాలుస్తుంది. చచ్చిపోయిందనుకుని కొట్టేయకండి. రాధామనోహరం సాయంత్రం తెల్లగా విచ్చుకుని, మర్నాటికి గులాబీ రంగు తిరిగి, తరువాత ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులు! కానీ కిటికీ ఊచల దగ్గర పెడితే కొన్నేళ్లలో కిటికీ మూసుకుపోతుంది. గట్టి పందిరి ఉంటేనే పెట్టండి.

చిన్నపిల్లలు, ఆవులు, కుక్కలు తిరిగే ఇంట్లో గన్నేరు, పచ్చగన్నేరు పెట్టకండి. ఆకు, పువ్వు, గింజ అన్నీ విషమే. ఈ విషయంలో మొహమాటం వద్దు.

నాలుగో మెట్టు: ఏకవార్షికాలకు పండగ నుంచి వెనక్కి లెక్క

ఏకవార్షికాలను మూడు కాలాలుగా చూసుకోండి. ఎండాకాలానికి ఫిబ్రవరి, మార్చిలో వేసేవి: జినియా, పొద్దుతిరుగుడు, పసుపు కాస్మాస్, బొడ్డుబంతి, గడ్డిగులాబీ. నర్సరీల్లో టేబుల్ రోజ్ అని అడిగితే ఇచ్చే ఈ గడ్డిగులాబీ ఎండ ఎంత కాస్తే అంత పూస్తుంది, చిన్న ముక్క తుంచి గుచ్చినా నాటుకుంటుంది. వానాకాలానికి జూన్, జులైలో వేసేవి: బంతి, సీతమ్మజడ, బాల్సమ్. చలికాలానికి సెప్టెంబరు చివర, అక్టోబరులో వేసేవి: ఆస్టర్, పెటూనియా, డయాంథస్, ఫ్లాక్స్, మళ్ళీ ఒక విడత బంతి. పెటూనియా గింజ మరీ సన్నం, దాన్ని నారుగా కొనుక్కోవడమే మేలు.

ఇప్పుడు లెక్క. బంతి గింజ వేసిన నాటి నుంచి నారు ఎదగడానికి నాలుగు వారాలు, నాటాక నిండుగా పూయడానికి మరో ఏడు వారాలు పడుతుంది. మొత్తం 75 నుంచి 80 రోజులు. సంక్రాంతికి గుమ్మానికి తోరణం కట్టాలంటే అక్టోబరు ఆఖరులోపు గింజ పడాలి. దసరా తేదీ ఏటా మారుతుంది, క్యాలెండర్ చూసి 80 రోజులు వెనక్కి లెక్కపెట్టండి, దాదాపుగా జులై వస్తుంది. తెలంగాణలో బతుకమ్మ పేర్చేవాళ్లకు అమావాస్య నుంచే పూలు కావాలి కాబట్టి ఇంకో పది రోజులు ముందు. బంతితో పాటు పట్టుకుచ్చుల పూలు, అంటే కోడిజుట్టులా ఉండే సీతమ్మజడ, అదే మడిలో చల్లుకోవచ్చు. దాని గింజ నల్లగా, ఆవగింజ కన్నా చిన్నగా ఉంటుంది. ఇసుకలో కలిపి పైపైన చల్లి, చేత్తో అద్దితే చాలు, లోతుగా కప్పితే మొలవదు.

బంతిలో ముద్దబంతి కావాలంటే పూసా నారంగి, పూసా బసంతి అన్న రకాల పేర్లు అడగండి. మొదటిది నారింజ, రెండోది పసుపు. హైబ్రిడ్ ప్యాకెట్ కొంటే పూలు పెద్దవిగా వస్తాయి, కానీ దాని గింజ దాచుకుని వేస్తే అదే పువ్వు రాదు, ఏటా కొనాలి. ఫిబ్రవరి తరువాత ఎండలు ముదిరితే బంతి ఆకుల అడుగున ఎర్రనల్లి పడుతుంది. అప్పుడు మందులు కొట్టేకన్నా మొక్క పీకేసి జినియా వేసుకోండి. దాని కాలం అయిపోయింది.

ఐదో మెట్టు: నర్సరీలో

మాకు కడియం పక్కనే. కడియపులంక రోడ్డు వెంట నర్సరీలు చూస్తూ పోతే రోజు చాలదు. ఎక్కడ కొన్నా పద్ధతి ఒకటే. పూలు విరగబూసిన మొక్క వద్దు, మొగ్గలున్న మొక్క తీసుకోండి. మొక్కను కవర్ పట్టుకుని ఎత్తి అడుగు భాగం చూడండి. కన్నాల్లోంచి తెల్లటి సన్నవేర్లు ఒకటి రెండు కనిపిస్తే మంచిది. లావుపాటి గోధుమరంగు వేరు బయటికి తన్నుకొచ్చి నేలలోకి దిగి ఉంటే ఆ మొక్క చాలాకాలంగా అదే కవర్లో ఉందని అర్థం, లోపల వేర్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. పైకి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి. కాండం మొదలు దగ్గర వేలితో మెల్లగా కదపండి. మట్టిలో వదులుగా ఊగితే నిన్న మొన్న కవర్లోకి మార్చిన కొమ్మ. ఆకు తిప్పి అడుగు చూడండి, పిండినల్లి ఉంటే మీ తోటంతటికీ అంటుతుంది.

"అన్నా, ఇది మేలో ఉంటుందా?" అని అడగండి. మంచి నర్సరీవాళ్లు నిజమే చెప్తారు. కొన్నవాటిని వెంటనే నాటకుండా నాలుగైదు రోజులు ఇంట్లో సగం నీడలో ఉంచండి.

ఆరో మెట్టు: నాటడం

ఏళ్లుండే మొక్కలకు మంచి ముహూర్తం మృగశిర కార్తె తరువాత, రెండు మంచి వానలు పడ్డాక. మొదటి ఎండాకాలం వచ్చేలోపు వేరు పట్టడానికి వాటికి ఎనిమిది నెలలు దొరుకుతాయి. అడుగున్నర గొయ్యి తీసి, మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పెళ్ల వేపపిండి కలిపి నింపండి. మల్లెకు, మందారానికి నాలుగేసి అడుగుల ఎడం, కనకాంబరానికి అడుగున్నర, బంతికి కూడా అడుగున్నర. ఈ ఎడం చూసి ఖాళీగా ఉందని మధ్యలో ఇంకో మందారం పెట్టేస్తారు. పెట్టకండి. ఆ ఖాళీ రెండేళ్లపాటు ఏకవార్షికాలది. మందారం పెరిగే కొద్దీ బంతి వెనక్కి తగ్గుతుంది.

మా 20 అడుగుల ముక్కలో ఇలా ఉంది: వెనక గోడ వెంట ఒక మందారం, ఒక నందివర్ధనం, రెండు గుండుమల్లెలు. గేటు మీది కమ్మీకి జాజి. వాటి ముందు ఎండ తక్కువ పడే వైపు ఆరు కనకాంబరాలు, నాలుగు డిసెంబరాలు. దారి పక్కన రెండు అడుగుల వెడల్పు పట్టీ మాత్రం పూర్తిగా ఏకవార్షికాలకు వదిలేశాను. అందులో జులైలో ఇరవై బంతి, నవంబరులో ఆస్టర్, మార్చిలో జినియా, గడ్డిగులాబీ. పొడవైనవి వెనక, పొట్టివి ముందు. మా వీధిలో ఎవరైనా మొక్కలు పెడతామంటే నేను ఇచ్చే సలహా, మొదటి ఏడాది ఆరు రకాలకు మించి కొనొద్దని.

ఏడో మెట్టు: మొదటి ఏడాది పనులు

బంతి నాటిన నెలకు తల తుంచండి. చామంతికీ అంతే. పక్కకొమ్మలు వచ్చి ఒక్క పువ్వు చోట పది పూస్తాయి. వాడిన పువ్వును ఉంచేస్తే మొక్క గింజ మీద పడుతుంది, తీసేస్తే మళ్ళీ మొగ్గ వేస్తుంది. రోజూ ఉదయం కాఫీ గ్లాసుతో ఒక చుట్టు తిరిగితే ఈ పని దానంతటదే అయిపోతుంది.

ఏప్రిల్ రాగానే అన్ని పాదుల్లో ఎండుటాకులు, కొబ్బరి పీచు రెండు అంగుళాల మందాన పరచండి. నీళ్లు ఉదయం ఏడు లోపు, కాండానికి తగలకుండా పాదులో నిదానంగా పోయండి. రోహిణి కార్తెలో ఎరువు వేయొద్దు, కత్తిరించొద్దు, నాటొద్దు. బతికించుకోవడమే అప్పటి పని.

చామంతి పూలు అయిపోయాక మొక్కను నాలుగు అంగుళాల ఎత్తుకు కోసేసి, ఆ కుండీల్ని మందారం నీడకు మార్చండి. నీళ్లు తక్కువగా, మట్టి తడి ఆరిపోకుండా మాత్రమే. పైన ఎండినట్టే కనపడుతుంది, మొదలు దగ్గర చిన్న పిలకలు పచ్చగా ఉంటాయి. జూన్ వానలకు ఒక్కో కుండీలో ఐదారు పిలకలు లేస్తాయి. వాటిని వేర్లతో సహా విడదీసి వేరు వేరు కుండీల్లో పెట్టండి. ఒక్క మొక్క కొన్న డబ్బుకు మరుసటి చలికాలం ఆరు కుండీలు.

నాటు బంతి, జినియా, సీతమ్మజడల్లో బాగా పూసిన ఒక్కో మొక్కను ముందే గుర్తుపెట్టి, దాని పూలు కోయకుండా చెట్టు మీదే ఎండనివ్వండి. ఎండిన పువ్వును వార్తాపత్రిక మీద నలిపి, గింజ వేరు చేసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి కాగితం పొట్లంలో కట్టండి. పొట్లం మీద పేరు, రంగు, నెల రాయండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే చెమ్మ చేరి బూజు పడుతుంది. మా ఇంట్లో ఆ పొట్లాలన్నీ ఒక పాత బిస్కెట్ డబ్బాలో ఉంటాయి, జులై మొదటి వారంలో తీస్తాను.